ఊపిరికొండ గొంతులో

కుంకుమగిరి కోట వదిలిన పంతొమ్మిదో నాటి ఉదయం బావుల సింగన్న ఇసుకదారి చివరికి చేరి గుర్రం దిగాడు. ఆ పైన దారి లేదు. వెనక పది ఆమడల పొడవునా మొగలిపొదలు, ముందు సముద్రం. ఆ రెంటి నడుమ, గాలికి తల వంచుకుని కూచున్నట్టుగా ముప్పై నలభై తాటాకు గుడిసెలు. సాగరవేలి రాజ్యంలో చిట్టచివరి ఊరు అది. పేరు ఊపిరిపాలెం. రాజుగారి దండోరా కూడా అంత దూరం రాదని దారిలో ఎవరో చెప్పారు.

ఊరికి ఆ పేరు తెచ్చిన కొండ ఎదురుగానే ఉంది. నీళ్ళలో మునిగి లేవబోతున్న గేదెలాగా నల్లగా, నున్నగా ఉందది. ఒడ్డుకీ దానికీ మధ్య ఒక సన్నని రాతి మెడ. ఎండ పడిన చోటల్లా అభ్రకం పలుకులు మిలమిల మెరుస్తున్నాయి. నడినెత్తిన గరాటులాంటి గుంట, ఆ గుంట అడుగున బావి నోరంత కంత. కొండ కడుపంతా బోలు. సముద్రం కిందనుంచి లోపలికి వచ్చిపోతూ ఉంటుంది. పాటు వేళ నీరు తీసినప్పుడు కొండ ఆ కంతలోంచి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. పోటు వేళ నీరు ఎక్కినప్పుడు బయటికి వదులుతుంది. వదిలేటప్పుడు వెయ్యి శంఖాలు పూరించినట్టు ఉంటుందని దారి పొడుగునా చెప్పుకున్నారు గానీ, దూరాన ఉన్నప్పుడు సింగన్న చెవికి మాత్రం పెద్ద ఆంబోతు నిద్రలో గుర్రు పెట్టినట్టు వినిపించింది.

ఊపిరిపాలెం జనానికి ఆ కొండతో రోజూ పనే. అది వదిలే గాలిలో చేపలు ఆరబెడతారు. ఆ గాలి తగిలిన చేప మీద ఈగ వాలదు. అది పీల్చే వేళ పెళ్ళికూతురు పసుపుగుడ్డ ముక్క ఒకటి తీసుకెళ్ళి కంత మీద వదులుతుంది. కొండ మింగితే కాపురం నిలుస్తుందంటారు. కొండ మింగనిది ఎన్నడూ లేదు గనక ఆ ఊళ్ళో అందరి కాపురాలూ నిలిచాయి, కొట్టుకున్నా తిట్టుకున్నా.

సింగన్న గుర్రాన్ని పొదల చాటున కట్టి, తలపాగా సర్దుకుని, గాజుల మలారం భుజాన వేసుకున్నాడు. అతను గాజులమ్మేవాడు కాడు. బావులు తవ్వే కుటుంబంలో పుట్టినవాడు. కుంకుమగిరి రాజుగారి సొరంగం కూలినప్పుడు మూడు రోజులు తవ్వి రాజును ప్రాణాలతో బయటికి తీసినవాడు. అందుకే రాకుమారి మందారవల్లికి ఆపద వచ్చినప్పుడు, దండనాయకులు చేతులెత్తేసిన పని అతని నెత్తిన పడింది.

ఆ ఆపద ఇది. ధూమ్రకర్ణుడనే మాంత్రికుడు తనను పెళ్ళాడమని అడిగితే మందారవల్లి కాదంది. ఆ మర్నాడే ఆమె పాదాలు రాయిగా మారాయి. ఆ రాయి రోజురోజుకీ పైకి ఎక్కుతోంది. సింగన్న బయలుదేరేటప్పటికి నడుము దాటింది. ఇవాళ్టికి పదకొండు రోజుల్లో వచ్చే అమావాస్యకు గుండెను చేరుతుంది. బిల్వవనంలో ఒక ముసలి తపస్వి దానికి విరుగుడు చెప్పాడు. ఎండ చూడని ఉప్పు మూడు పలుకులు నాలుక మీద వేస్తే రాయి కరిగిపోతుంది.

"ఎండ లేకుండా ఉప్పెలా పండుతుంది స్వామీ?" అని అడిగాడు సింగన్న.

"గాలికి పండుతుంది. ఊపిరి తీసే కొండ ఒకటుంది, వెతుక్కో. మాంత్రికుడికీ ఆ సంగతి తెలుసు. అక్కడ తన మనిషిని కాపలా పెట్టే ఉంటాడు. నువ్వు నువ్వుగా వెళ్ళకు," అన్నాడు తపస్వి.

వెతుక్కుంటూ రావడం వల్ల పంతొమ్మిది రోజులు పట్టింది. నేరుగా తిరిగిపోతే పది రోజుల స్వారీ. అంటే అతని చేతిలో ఉన్నది ఒక్క రోజు.

మగవాళ్ళంతా తెల్లవారకముందే వేటకు వెళ్ళిపోయారు. ఇరవై పడవలూ సముద్రం మీదే ఉన్నాయి. ఒడ్డున వలలు బాగుచేసే పాక కింద ఆడవాళ్ళు కూచుని ఉన్నారు. "గాజులమ్మా, గాజులు" అన్న కేక వినగానే చేతుల్లో వలలు కిందపెట్టి చుట్టూ మూగారు. ఆ చేతులన్నీ ఒకేలా ఉన్నాయి. ఉప్పుకి పగిలిన వేళ్ళు, పొలుసులు గీరిన గాట్లు, తాడు ఒరిసిన అరచేతులు. సింగన్న మాటలు చెబుతూ ఒక్కొక్క చేతికీ గాజులు తొడుగుతున్నాడు.

చివరగా ఒక ముసలిది వచ్చి చెయ్యి చాచింది. మాట లేదు. నల్లగాజుల వైపు వేలు చూపించింది.

"మూగవ్వకి కొంచెం వదులుగా ఉండేవి తొడుగు," అంది పక్కనున్న ఆమె.

సింగన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు. మొహం మీద డెబ్భై ఏళ్ళ ముడతలు. అరచెయ్యి మాత్రం వెన్నముద్ద. ఒక్క గాటు లేదు. వేళ్ళ సందుల్లో విభూతిలాంటి బూడిద గీతలు అంటుకుని ఉన్నాయి. గాజు ఎక్కించేటప్పుడు ఆ మణికట్టు చల్లగా తగిలింది. అతను తల ఎత్తలేదు. డజను నల్లగాజులూ తొడిగి, "చల్లగా ఉండు అవ్వా," అన్నాడు. ముసలిది అతని వైపు ఒక్క క్షణం ఎక్కువే చూసి వెళ్ళిపోయింది.

జనం పలచబడ్డాక ఒక్క మనిషి మిగిలింది. నలభై ఏళ్ళుంటాయి. పేరు దాలమ్మ. ఆ కొండ ఊపిరి ఎప్పుడు మళ్ళుతుందో చెప్పగలిగినది ఊళ్ళో ఆమె ఒక్కతే. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, అడ్డపొగ పీలుస్తూ తీరిగ్గా అతని చేతుల వైపు చూస్తోంది.

"నువ్వు గాజులోడివి కావు," అంది చుట్ట తీసి. "గాజులోడి సేతికి ఇలాటి కాయలుండవు. ఈ సేతులు మోకు లాగినాయి. ఎవుడివి? ఎందుకొచ్చినావు?"

అబద్ధం చెప్పి నెగ్గలేననుకున్నాడు సింగన్న. పాక గుంజకు ఆనుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. రాకుమారి సంగతీ, రాయి సంగతీ, ఉప్పు సంగతీ. దాలమ్మ చుట్ట పీలుస్తూ అంతా వింది.

"ఉప్పుంది," అంది చివరికి. "నా పెనిమిటి సూసినాడు. ఈ ఊళ్ళో ఆ గొంతులోకి దిగి పైకొచ్చినోడు ఆడొక్కడే. తెల్లగా పువ్వుల్లాగ ఏలాడతన్నాదని సెప్పినాడు. నాకు దండ గుచ్చి తెస్తానని రెండోసారి దిగినాడు. రానేదు. పదేళ్ళయింది."

"నన్ను దింపుతావా అక్కా?"

"పాటుకీ పోటుకీ మజ్జిన కొండ ఊపిరి ఆగతాది. ఒక సుట్ట కాలేంత సేపు. ఆ లోపల దిగాల, ఎక్కాల. తరవాత గాలి నిన్ను నిలవనీదు, నీళ్ళు ఎక్కేస్తాయి." ఆమె సముద్రం వైపు చూసింది. "ఇంకాసేపటికి ఆగతాది. ఇప్పుడు కాపోతే రేపే."

"రేపటిదాకా ఆగలేను. ఇంకోమాట. ఆ మూగవ్వ ఎప్పుడొచ్చింది?"

"రెండు నెల్లయింది. ఒడ్డున పడుంటే తెచ్చి కూడెట్టినాం. ఏటి?"

"రెండు నెలలుగా మీ ఊళ్ళో ఉన్న చేతికి ఒక్క గాటు పడలేదు. ఆవిణ్ణి కొండ దగ్గరికి రానీయకు."

దాలమ్మ ఆ మాటకు కనుబొమలు ముడిచింది. తరువాత లేచి చీర బిగించి, వలలు లాగే పెద్ద మోకు భుజాన వేసుకుంది. మరో ఐదుగురు ఆడవాళ్ళను పిలిచింది.

వాళ్ళు రాతిమెడ దాటి గుంట అంచుకు చేరేసరికి కొండ గాలిని పీల్చడం నెమ్మదించింది. దాలమ్మ నాలుగు ఈకలు గాల్లో వదిలింది. మూడు లోపలికి పోయాయి. నాలుగోది అంచు మీదే వాలి ఊరుకుంది.

"ఆగింది. దిగు," అని ఆమె కొత్త చుట్ట ముట్టించింది.

సింగన్న నడుముకు మోకు కట్టుకుని, చేతిలో కుండదీపంతో, మొలలో వెదురు గొట్టంతో కంతలోకి జారాడు. బావుల్లో పుట్టి పెరిగినవాడికి దిగడం కష్టం కాలేదు. పది నిలువుల లోతున కాళ్ళకు మోకాలి బంటి నీళ్ళు తగిలాయి. పక్కగా ఒక గుహ తెరుచుకుంది. దీపం ఎత్తి అందులో అడుగు పెట్టి, అడుగు పెట్టినవాడు అక్కడే నిలబడిపోయాడు.

ఆ గుహ పైకప్పు నిండా ఉప్పు పూసి ఉంది. మల్లెచెండ్లుగా, కలువమొగ్గలుగా, ఏనుగు దంతాలుగా, నెమలి ఈకలుగా, ఎన్ని వందల ఏళ్ళ ఊపిరి అక్కడ గడ్డకట్టిందో! దీపం కదిలిన వైపల్లా అవి ఒకదాని వెలుగు ఒకటి అందుకుని చివరిదాకా పాకించాయి. గోడలు పాలరాతి గోడల్లా తళతళలాడాయి. రాజుల కొలువుకూటాల్లో వెయ్యి దీపాలు పెట్టినా రాని వెలుగు అక్కడ ఒక్క కుండదీపానికి వచ్చింది.

ఆ వెలుగులో, ఎత్తయిన రాతి అరుగు మీద ఒక మనిషి కూచుని ఉన్నాడు. వీపు గోడకు ఆనించి, కాళ్ళు చాపుకుని, ఒళ్ళో చెయ్యి పెట్టుకుని. తల నుంచి పాదం దాకా తెల్లని ఉప్పు పట్టి, శిల్పి చెక్కినట్టున్నాడు. ముప్పై ఏళ్ళు దాటని మొహం. ఒళ్ళో ఒక దారం, ఆ దారానికి ఏడెనిమిది ఉప్పుమొగ్గలు.

సింగన్న చేతులు జోడించాడు. ఆ దండను ముట్టుకోలేదు. పైకప్పు నుంచి మూడు మొగ్గలు విరిచి, వెదురు గొట్టంలో వేసి, మూతకు మైనం మెత్తాడు. ఒక బొట్టు సముద్రం లోపలికి పోయినా పంతొమ్మిది రోజుల ప్రయాణం నీళ్ళపాలే. మైనం రెండోపూత పెడుతుండగా వెనక ఏదో ధబ్బున పడింది. మోకు. మొత్తం మోకు చుట్టలు చుట్టలుగా నీళ్ళలో పడి ఉంది.

పరుగున గొంతు కిందికి వచ్చి పైకి చూశాడు. కంత నోటి మీదికి ఒక నల్లని రాతిపలక దానంతట అదే జరుగుతోంది. మిగిలిన వెలుతురులో ముసలిదాని మొహం కనిపించింది. చూస్తుండగానే ముడతలు విడిపోయి అది పాతికేళ్ళ ఆడదాని మొహమైంది.

"బావుల సింగన్నా, ధూమ్రకర్ణులవారి శిష్యురాలిని, కరాళికను," అంది పైనుంచి, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు. "నీకు గోతులు కొత్త కాదుగా. ఇందులో పడుకో."

పలక మూసుకుంది. దాని మీద ఆమె ఎక్కి కూచున్న చప్పుడు కూడా వినిపించింది.

సముద్రం అప్పటికే మళ్ళింది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, తొడలు దాటాయి, నడుముకు వచ్చాయి. సింగన్న గొట్టాన్ని పంచె కొంగుతో నడుముకు బిగించి కట్టుకున్నాడు. గోడ పట్టుకుని ఎక్కబోయాడు. నాచుకు వేళ్ళు నిలవలేదు. నీరు రొమ్ము దాకా వచ్చింది. చెవుల్లో ఎవరో బొటనవేళ్ళు పెట్టి నొక్కుతున్నట్టయింది. దీపం మంట ఉన్నట్టుండి పొడుగై తెల్లగా వెలగసాగింది.

అక్కడ ఆగింది నీరు.

ముందు అతనికి అర్థం కాలేదు. తరువాత, చిన్నప్పుడు చెరువులో కుండ బోర్లించి ముంచిన సంగతి తట్టింది. కుండలో గాలి ఉన్నంతసేపు నీరు లోపలికి రాదు. గాలి పోయే దారి కరాళిక మూసేసింది. ముంచి చంపుదామనుకున్న మనిషే అతన్ని మునగకుండా కాపాడుతోంది. కానీ కింద సముద్రం ఊరుకోదు. నెట్టుకొస్తూనే ఉంటుంది. కొండ ఆ ఊపిరిని ఎంతసేపు బిగబట్టగలదు?

ఎక్కువసేపు పట్టలేదు. గొంతు పైనుంచి ఇసుక రాలింది. పలక కిర్రుమంది. సింగన్న దీపం వదిలేసి, గొంతు కింద నీళ్ళలో తేలుతూ, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని గొట్టాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

కొండ ఊపిరి వదిలింది. ఈసారి మాత్రం వెయ్యి శంఖాలన్న మాట తక్కువే. పలకా, దాని మీద కూచున్న కరాళికా తాటిచెట్టెత్తు లేచారు. వాళ్ళ వెనకే ఒక నీటి స్తంభం లేచింది. ఆ నీటిలో చెట్టు నుంచి రాలిన కాయలాగా గిరగిర తిరుగుతూ సింగన్న బయటపడి గుంట అవతలి అంచున బోర్లా పడ్డాడు. తల తిప్పి చూసేసరికి పలక, కరాళిక గరాటు వాలు మీద పడి జారుతున్నారు. ముందు ఆమె కంతలోకి పోయింది. వెనక పలక. మూడు నిలువుల లోతున అది అడ్డం తిరిగి ఇరుక్కున్న చప్పుడు రాతి కింద నుంచి అతని పక్కటెముకలకు తగిలింది.

తరువాత అంతా నిశ్శబ్దం.

గుంట చుట్టూ కొయ్యబొమ్మల్లా నిలబడిపోయిన ఆడవాళ్ళు ఒక్కరొక్కరే కదిలారు. దాలమ్మ కళ్ళు నులుముకుంటూ అతని దగ్గరికి వచ్చింది.

"బూడిద ఊదింది తమ్ముడా. కాళ్ళూ సేతులూ ఆడనేదు. కళ్ళెదురుగా మోకు కోసేస్తంటే సూస్తా ఉండిపోయినాను." అతన్ని పట్టి కూచోబెట్టింది. "దొరికిందా?"

సింగన్న మైనం చూసుకున్నాడు. చెక్కు చెదరలేదు. తల ఊపాడు. "మీ ఆయన లోపలే ఉన్నాడక్కా," అన్నాడు. "ఉప్పు పట్టి, వెళ్ళినప్పుడు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. దండ సగం గుచ్చాడు."

దాలమ్మ చెంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. తరువాత కొండ వైపు, సముద్రం వైపు మార్చి మార్చి చూసి చటుక్కున లేచి నిలబడింది.

"కొండ పలకటం నేదు," అంది.

అప్పుడు చూశారంతా. సముద్రం మీద మంచు లేచింది. మాఘమాసంలో పట్టపగలు లేచే తెల్లని తడిమంచు అది. బారెడు దూరంలో ఉన్న అల కూడా కనిపించడం లేదు. ఇరవై పడవలు పోటుతో పాటు ఇంటికి వస్తున్నాయి. ఊరి ముందు నీళ్ళలో రంపపు పళ్ళలాగా రాళ్ళ వరస ఉంది. మంచు రోజుల్లో కొండ పలుకు విని, దాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని ఆ రాళ్ళ సందులోంచి పడవలు లోపలికి వస్తాయి. ఈ రోజు కొండ గొంతుకు పలక అడ్డం పడింది.

"నీ పనయింది. నువ్వెల్లు బాబూ," అంది దాలమ్మ. "నీకున్నది ఒక్క రోజే అన్నావు. మా తిప్పలు మేం పడతాం."

"ఏం చేస్తారు?"

"కేకలేస్తాం. మంటలేస్తాం. తెడ్లతో రాళ్ళ మీద కొడతాం." ఆమె గొంతులో నమ్మకం లేదు. "ఆళ్ళకి ఇనబడితే అదురుష్టం."

సింగన్న లేచాడు. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. నడుము నుంచి వెదురు గొట్టం విప్పి దాలమ్మ చేతిలో పెట్టాడు.

"తడవనీయకు. రాకుమారికి ఒక రోజు వెసులుబాటు ఉంది. పడవల్లో వాళ్ళకు లేదు. ఊళ్ళో గునపం ఉందా?"

గునపం వచ్చింది. పడవ లంగరు మోకు వచ్చింది. ఆరుగురూ పట్టుకోగా అతను మళ్ళీ గొంతులోకి దిగాడు. మూడు నిలువుల లోతున పలక మీద కాళ్ళు ఆనాయి. అంచుల వెంట ఎక్కడో వెంట్రుకవాసి సందుల్లోంచి గాలి సన్నగా బుసకొడుతోంది. రాతి పొర ఎటు ఉందో చేత్తో తడిమి, ఆ గీత మీద గునపం దింపాడు.

రెండో దెబ్బకు కింద నుంచి ఎవరో తిరిగి కొట్టారు.

"కొట్టు సింగన్నా," అంది కరాళిక, పలక కింద నుంచి. ఆయాసపడుతోంది. "నాకూ బయటికి రావాలనే ఉంది. ఇక్కడ చెయ్యి ఆనించే చోటొకటి దొరికింది గనక మాట్లాడుతున్నాను."

అతను ఆగాడు.

"భయపడకు. నా భస్మం తడిసిపోయింది. ఇప్పుడు నేను ఉత్త ఆడదాన్ని."

అది నిజమో కాదో తెలుసుకునే దారి లేదు. సింగన్న మూడో దెబ్బ కొట్టాడు. నాలుగోది. పలక మధ్యలో జానెడు బీట తెరుచుకుంది. ఆ బీటలోంచి గాలి ఎగదన్ని ఈలలా మోగింది. పైన ఆడవాళ్ళు ఒక్కసారిగా ఏదో అన్నారు. ఎక్కడో మంచులోంచి ఒక కొమ్ముబూర జవాబు పలికింది. ఆ వెనక ఇంకొకటి.

"దారికి ఎడంగా ఉన్నారు," పైనుంచి దాలమ్మ గొంతు దిగింది. "శానా ఎడంగా. ఈ ఈలకి కొండ ఎక్కడుందో ఆళ్ళకి తెలటం నేదు. రాళ్ళ మీదికి పోతన్నారు తమ్ముడా."

"విన్నావా?" అంది కరాళిక. "ఈలతో పని జరగదు. పలక పూర్తిగా పగలాలి. పగిలితే నిలబడడానికి నీ కాళ్ళ కింద ఏమీ ఉండదు. నేనున్న చోటికే వస్తావు."

బీటలోంచి అయిదు వేళ్ళు పైకి వచ్చి పలక అంచు పట్టుకున్నాయి. గోళ్ళు చిట్లి నెత్తురోడుతున్నాయి.

కొమ్ముబూర మళ్ళీ పలికింది. దారికి ఇంకా ఎడంగా, రాళ్ళకు ఇంకా దగ్గరగా.

బావులు తవ్వేవాళ్ళకు పైనున్నవాళ్ళతో మాట్లాడడానికి మోకే నోరు. మూడుసార్లు లాగితే పైకి చేదమని, రెండుసార్లు లాగితే ఇంకా కిందికి వదలమని. దిగే ముందు దాలమ్మకు ఆ సంగతి చెప్పే ఉన్నాడు. బిగిసిన మోకు మీద నిండు దెబ్బ కొట్టడం కుదరదు. సింగన్న గునపం చంకలో ఇరికించుకుని మోకు అందుకుని లాగాడు. ఒకటి. రెండు.

పైన మోకు కాసేపు బిగిసే ఉంది, మూడోది వస్తుందేమోనని చూస్తున్నట్టు. తరువాత బారెడు బారెడుగా అతని భుజాల మీదికి దిగసాగింది. అతను పాదాలు ఎడంగా పెట్టి, గునపం రెండు చేతులా తలపైకి ఎత్తాడు.